రాక్ అండ్ రోల్ జెర్రీ లీ లూయిస్ కంట్రీ వైపు ఎందుకు వెళ్లాడు? ఒక కీబోర్డు వాయించేవాడి జవాబు

మీరు అడిగినవి రెండు. ఒకటి: స్టూలు వెనక్కి తన్నేసి, నిలబడి పియానోను చితక్కొట్టిన అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ 1968 తర్వాతి వీడియోల్లో బుద్ధిగా కూర్చుని, బారులో ఒంటరిగా మిగిలినవాడి పాటలు పాడుతున్నాడేమిటి? రాక్ గిట్టుబాటుకాక కంట్రీలోకి, అంటే అమెరికా దక్షిణాది పల్లె పాటల్లోంచి పుట్టిన సంగీతంలోకి, వెళ్లాడా, ఇష్టపడే వెళ్లాడా? రెండోది: మీ దగ్గరున్న 61 కీల కీబోర్డు మీద ఆ కంట్రీ పద్ధతి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మొదటిదానికి సూటిగా చెప్పమంటే, గిట్టుబాటుకాకే వెళ్లాడు. వెళ్లింది మాత్రం పుట్టింటికి.

నేను సంగీత విమర్శకుణ్ణి కాదండీ. ముప్పై ఏళ్లు కీబోర్డు వాయించినవాణ్ణి. శనివారం రాత్రి పెళ్లి ఆర్కెస్ట్రా, ఆదివారం పొద్దున చర్చి. రెండుచోట్లా అవే చేతులు, చాలాసార్లు అవే మూడు కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు). అందుకే జెర్రీ లీ సంగీతం నాకు కాస్త దగ్గరగా తెలుసు. ఆ మనిషి బతికిన తీరు మాత్రం నాకొద్దు బాబోయ్. దాని సంగతి కింద చెబుతాను.

అతను పుట్టింది 1935 సెప్టెంబర్ 29న, లూసియానా రాష్ట్రంలోని ఫెరిడే అనే చిన్న ఊళ్లో. తండ్రి ఎల్మో ఉన్న పొలం తాకట్టు పెట్టి కొడుక్కి పియానో కొన్నాడు. ఆ ఇంట్లో మూడు రకాల సంగీతం కలిసింది. తండ్రి దగ్గర జిమ్మీ రోజర్స్ రికార్డులు ఉండేవి. కంట్రీ సంగీతానికి ఆదిపురుషుడి లాంటివాడాయన, పాట మధ్యలో గొంతు విరిచి యోడలింగ్ చేసేవాడు. కుటుంబమంతా పెంతెకొస్తు చర్చి, అసెంబ్లీస్ ఆఫ్ గాడ్. మన దగ్గర కూడా ఆ సంఘాల్లో కూర్చున్నవాళ్లకు తెలుసు, అక్కడ పాటంటే చప్పట్లు, ఊపు, కన్నీళ్లు అన్నీ ఒకేసారి. మూడోది ఊళ్లో నల్లవాళ్లు నడిపే హేనీస్ బిగ్ హౌస్ అనే క్లబ్బు. అక్కడి బూగీ (ఎడమచెయ్యి ఆగకుండా పరిగెత్తే పియానో వాయింపు), బ్లూస్ (నల్లవాళ్ల దుఃఖపు పాటలు) వినడానికి జెర్రీ లీ, అతని కజిన్ జిమ్మీ స్వాగర్ట్ దొంగచాటుగా దూరేవాళ్లు. తర్వాతి కాలంలో ఈ స్వాగర్టే ప్రపంచమంతా తెలిసిన టీవీ బోధకుడయ్యాడు. ఇంకో కజిన్ మికీ గిల్లీ కంట్రీ గాయకుడు. ఒకే ఊరు, ఒకే ఇంటి పిల్లలు, తలా ఒక దారి. జెర్రీ లీ ఒక్కడే మూడు దారుల్లోనూ కాళ్లు పెట్టాడు. టెక్సస్‌లో బైబిల్ కాలేజీకి పంపిస్తే, అక్కడ ఒక భక్తిగీతాన్ని బూగీ చేసి వాయించి ఇంటికొచ్చేశాడు. వాళ్లే పంపించేశారు లెండి.

ఇప్పుడు అసలు సాక్ష్యం. 1956 చివర్లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ నుంచి అతని మొదటి రికార్డు వచ్చింది. అందులో ఉన్నదేమిటి? 'క్రేజీ ఆర్మ్స్.' అదే ఏడాది రే ప్రైస్ పాడి హిట్ చేసిన పక్కా కంట్రీ పాట! 'గ్రేట్ బాల్స్ ఆఫ్ ఫైర్' అందరికీ తెలుసు, ఆ రికార్డు రెండోవైపు ఏముందో చాలామంది తిప్పి చూడరు. కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాట 'యూ విన్ అగైన్' ఉంది. 1957లో దేశమంతా ఊగిపోయిన 'హోల్ లాటా షేకిన్ గోయిన్ ఆన్' పాప్ చార్టులో (హిట్ పాటల ర్యాంకుల జాబితాలో) 3వ స్థానం దాకా వెళ్లింది, కంట్రీ చార్టులో మాత్రం నంబర్ వన్. అంటే ఆ రోజుల్లో గోడలు ఇంకా కట్టలేదు. దక్షిణాది తెల్ల కుర్రాడు పాడితే కంట్రీ స్టేషన్లూ వేసేవి, నల్లవాళ్ల ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులోనూ ఎక్కేది. రాక్ వేరు, కంట్రీ వేరు అని మనం ఇప్పుడు గీసే గీత తర్వాత వచ్చింది.

అలాంటప్పుడు 1968 దాకా ఎందుకు ఆగాడంటే, మధ్యలో 1958 ఉంది.

1957 డిసెంబర్‌లో అతను తన కజిన్ కూతురు మైరాను పెళ్లి చేసుకున్నాడు. ఆ పిల్లకు 13 ఏళ్లు. అతనికది మూడో పెళ్లి. 1958 మేలో ఇంగ్లండ్ టూర్‌కి వెళ్తే అక్కడి పత్రికలవాళ్లు విషయం బయటపెట్టారు. మూడు కచేరీలు కాగానే టూర్ రద్దయింది. అమెరికా తిరిగొచ్చేసరికి రేడియోలు పాటలు వేయడం మానేశాయి. రాత్రికి 10,000 డాలర్లు తీసుకున్నవాడు 250 డాలర్లకు చిన్నాచితకా క్లబ్బుల్లో వాయించాల్సి వచ్చింది. చాలామంది దీన్ని 'వివాదం' అని ఒక్క ముక్కలో దాటేస్తారు. 13 ఏళ్ల పిల్ల విషయంలో అది వివాదం ఎలా అవుతుంది, తప్పు. అతని సంగీతం ఇష్టపడటానికి ఆ తప్పును కడిగేయాల్సిన పని లేదని నా ఉద్దేశం. మైరా 1970లో విడాకులు తీసుకుంది.

తర్వాతి పదేళ్లు అతను ఆడని పాచిక లేదు. 1961లో రే చార్లెస్ పాట ఒకటి పాడితే 30వ స్థానం దాకా వెళ్లింది, అంతే. 1963లో సన్ వదిలి మెర్క్యురీ వాళ్ల స్మాష్ లేబుల్‌కి మారాడు. 1964లో జర్మనీ హాంబర్గ్‌లోని స్టార్ క్లబ్‌లో రికార్డు చేసిన కచేరీ వింటే ఒళ్లు జలదరిస్తుంది. పియానో తీగలు తెగుతాయేమో అనిపిస్తుంది. కానీ అప్పటికి అమెరికా కుర్రకారు బీటిల్స్ మోజులో ఉన్నారు. 1965లో ఒక కంట్రీ ఆల్బం కూడా చేశాడు, అన్నీ వేరేవాళ్ల పాటలు. హిట్లేం రాలేదు గానీ, అందులో 'గ్రీన్ గ్రీన్ గ్రాస్ ఆఫ్ హోమ్' విని టామ్ జోన్స్ తను పాడి ప్రపంచ హిట్ కొట్టాడు. పాపం జెర్రీ లీ, వండింది ఒకరు, విస్తరి ఇంకొకరికి.

1968 మొదట్లో స్మాష్‌తో ఒప్పందం అయిపోవస్తోంది. కంపెనీలో ప్రమోషన్ చూసే ఎడ్డీ కిల్‌రాయ్, పోయేముందు ఒకసారి అచ్చమైన కంట్రీ చేయిద్దామన్నాడు. ప్రొడ్యూసర్ జెర్రీ కెనెడీ. ఈయన కూడా లూసియానా మనిషే, శ్రీవ్‌పోర్ట్. కంట్రీ రికార్డింగులకు రాజధాని లాంటి నాష్‌విల్‌లో గిటారిస్టుగా గొప్ప పేరు, గాయకుడు రాయ్ ఆర్బిసన్ 'ఓ ప్రెటీ వుమన్'లో గిటార్ వాయించినవాళ్లలో ఒకడు. జనవరిలో నాష్‌విల్‌లో రికార్డింగ్. పాట 'అనదర్ ప్లేస్, అనదర్ టైమ్', రాసింది జెర్రీ చెస్నట్. కంట్రీ చార్టులో 4వ స్థానం. 1958 తర్వాత అమెరికాలో అతనికి మళ్లీ టాప్ టెన్ రావడం అదే.

ఆ పాట రేడియోలో పైకి ఎక్కుతున్న రోజుల్లో అతనెక్కడున్నాడో తెలుసా? లాస్ ఏంజెలెస్‌లో స్టేజి మీద, షేక్‌స్పియర్ 'ఒథెల్లో'ను రాక్ నాటకంగా మారిస్తే అందులో ఇయాగో వేషం వేస్తున్నాడు. చేతికి ఏది దొరికితే అది చేసే పరిస్థితి.

ఈ పాట దగ్గర కాస్త ఆగుదాం, మీ ప్రశ్నకు జవాబంతా ఇందులోనే ఉంది. బారు మూసే వేళ. ఒక్కొక్క లైటూ ఆర్పేస్తున్నారు. ఒకడు జ్యూక్‌బాక్స్‌లో చిల్లర వేస్తూ పాట వినిపిస్తూనే ఉన్నాడు, పాట ఆగితే గదికి వెళ్లాలి కాబట్టి. కథ అంతే. 1957 జెర్రీ లీ అయితే ఆ బారులో కుర్చీలు విరగ్గొట్టేవాడు. ఇక్కడ గొంతు ఎక్కడా ఎగరదు. ఒక్కో వాక్యం చివర కొంచెం జారవిడుస్తాడు, ఏడుపు రాదు, వచ్చేలా ఉంటుంది. అప్పటికి అతనికి 32 ఏళ్లు. కొడుకు ఒకడు మూడేళ్ల వయసులో 1962లో నీళ్లలో మునిగి చనిపోయాడు. ఆ దుఃఖమే గొంతులోకి వచ్చిందని రాసేవాళ్లున్నారు. నేనంత దూరం వెళ్లను. పదేళ్లు చిన్న క్లబ్బుల్లో, రాత్రి రెండింటికి ఖాళీ అవుతున్న కుర్చీల ముందు వాయించినవాడికి బారు మూసే వేళ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నా మట్టుకు ఆ మాట చాలు.

ఇక చేతుల సంగతి. రాక్ అండ్ రోల్‌లో అతని ఎడమచెయ్యి ఒక ఇంజిను. సి స్కేలు అనుకోండి: చిటికెనవేలు సి మీద, అంటే స. చూపుడువేలు జి మీద, ప. బొటనవేలు ఎ మీద, ద. సప సప సద సద, సప సప సద సద, ఆగకుండా, ప్రతి దెబ్బకు రెండు చొప్పున. డ్రమ్స్ లేకపోయినా పాట పరిగెత్తుతుంది. పైన కుడిచెయ్యి ఒకే కార్డును గుద్దుతూ, మధ్యమధ్యలో పై నుంచి కిందికి మొత్తం కీల మీద గోరుతో బరబరా గీకడం. ఆ గీకుడు చూడ్డానికి తేలిక. ఒక పెళ్లిలో ఊపు మీదుండి నేనూ చేశాను, బొటనవేలి గోరు పక్క తోలు లేచిపోయి తెల్ల కీల మీద నెత్తురు. మిగతా పాటంతా తొమ్మిది వేళ్లతో లాగించాను. తోలు తగిలితే పోతుంది, గోరే తగలాలి.

1968 పాటల్లో ఆ ఇంజిను ఆపేశారు. తాళాన్ని బేసు, డ్రమ్స్ మోస్తాయి. ముందు వరసలో ఫిడేలు, పెడల్ స్టీల్ గిటారు. పెడల్ స్టీల్ చూడనివాళ్లకు: కాళ్లున్న బల్లలా ఉంటుంది, పైన తీగలు, వాటి మీద ఇనుప కడ్డీ జరుపుతూ కింద కాలితో పెడల్ నొక్కితే స్వరం ఒకచోటు నుంచి ఇంకోచోటికి సాగుతూ వెళ్తుంది. మన కర్ణాటక సంగీతంలో జారు అనే గమకం ఉందే, దాదాపు అదే పని. కంట్రీలో ఏడుపంతా అందులో ఉంటుంది. తమాషా ఏమిటంటే, రాక్ దెబ్బకు భయపడి 1950ల చివర్లో నాష్‌విల్ పెద్దలు చెట్ అట్కిన్స్, ఓవెన్ బ్రాడ్లీ లాంటివాళ్లు ఫిడేలునూ స్టీల్‌నూ వెనక్కి నెట్టి, వయొలిన్ల గుంపునూ కోరస్‌నూ పెట్టి కంట్రీని నున్నగా చేశారు. పదేళ్ల తర్వాత ఆ పాత మోటు వాద్యాలను మళ్లీ ముందు పెట్టుకుని పాడి గెలిచింది ఒక రాక్ మనిషి.

పియానో మూగబోలేదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య సందుల్లో వినపడుతుంది: చిన్న చిన్న బ్లూస్ మెరుపులు, చర్చిలో పాస్టరుగారు మాట్లాడుతుంటే వెనక వాయించినట్టు. వాయించినదానికంటే వదిలేసినదే ఎక్కువ. కీబోర్డు వాళ్లకు నేర్చుకోవడానికి అన్నిటికన్నా కష్టమైంది ఇదే, నాకూ పదేళ్లు పట్టింది.

ఆ వెంటనే వచ్చిన, గ్లెన్ సటన్ రాసిన పాట చూడండి. మిల్వాకీ ఊరికి పేరు తెచ్చిన బీరు అని ష్లిట్జ్ కంపెనీ ప్రకటన ఒకటుండేది. దాన్ని పట్టుకుని, ఆ ఊరికి పేరు తెచ్చింది నన్ను ఓడిపోయినవాణ్ణి చేసింది అని పల్లవి కట్టాడు. అందరికీ తెలిసిన మాటను తిప్పి గుండెలో గుచ్చడం కంట్రీ రచయితల విద్య. ఆ పాట 2వ స్థానం. 1969 మొదట్లో మొదటి కంట్రీ నంబర్ వన్ కూడా వచ్చింది, 'టు మేక్ లవ్ స్వీటర్ ఫర్ యూ'. ఇది ఆయన కంట్రీ పాటగా వచ్చిన మొదటి నంబర్ వన్ అని అర్థం చేసుకోండి, 1957 వాటిని పక్కన పెట్టి. 1968 నుంచి 1977 లోపల 17 టాప్ టెన్ హిట్లు, అందులో నాలుగు నంబర్ వన్. రాక్‌లో అతను వెలిగింది ఏడాదిన్నర కూడా లేదు. లెక్క ప్రకారం చూస్తే అతను కంట్రీ గాయకుడే, మధ్యలో కొన్నాళ్లు రాక్ వాయించాడు అనాలి.

విన్నవాళ్లెవరు అనేది కూడా ముఖ్యం. 1957లో స్కూలు డాన్సుల్లో గెంతినవాళ్లకు 1968కి పెళ్లిళ్లయ్యాయి, అప్పులున్నాయి, కొందరికి విడాకులయ్యాయి. పాప్ రేడియో వాళ్ల పిల్లలకు పాడుతోంది. వాళ్ల గురించి పాడుతున్నది కంట్రీ ఒక్కటే. పైగా తప్పు చేసి తలవంచుకుని వచ్చినవాడికి కంట్రీ శ్రోతల్లో ఎప్పుడూ చోటుంటుంది, పాటల్లో సగం వాళ్ల గురించే కదా.

ఇతనొక్కడే కాదు. 1958లో 'ఇట్స్ ఓన్లీ మేక్ బిలీవ్'తో పాప్ నంబర్ వన్ కొట్టిన కాన్వే ట్విట్టీ కూడా 1960ల మధ్యలో ఇటే వచ్చాడు. వీడు రాక్ వాడు కదా అని కంట్రీ డీజేలు మొదట్లో అతని రికార్డులు వేయనేలేదు. మొదటి కంట్రీ నంబర్ వన్ అతనికీ 1968లోనే. ఆ తర్వాత మొత్తం 40 అయ్యాయి. అదే ఏడాది మార్చిలో కాలిఫోర్నియా రాక్ బృందం ద బర్డ్స్ నాష్‌విల్ వచ్చి, కంట్రీకి గుడి లాంటి రేడియో కచేరీ గ్రాండ్ ఓల్ ఆప్రీ స్టేజి ఎక్కితే జనం ముభావంగా చూశారు. వాళ్లది మంచి సంగీతమే, నాకిష్టం కూడా. కాకపోతే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు.

ఇంటివాడైనా జెర్రీ లీని ఆప్రీ వాళ్లు నెత్తిన పెట్టుకోలేదండోయ్. 1973 జనవరి 20న పిలిచారు. రెండు షరతులు: రాక్ వాయించకూడదు, బూతులు మాట్లాడకూడదు. అతను రెండూ చేశాడు. ఇచ్చిన సమయం దాటిపోయి, ప్రకటనల సమయం కూడా మింగేసి 40 నిమిషాల దాకా వాయించాడు. మధ్యలో డెల్ వుడ్ అనే పియానో విద్వాంసురాలిని స్టేజి మీదికి పిలిచి పక్కన నిలబెట్టుకున్నాడు. పేరులేని రోజుల్లో నాష్‌విల్ వస్తే తనతో మర్యాదగా ఉన్నది ఆవిడని అతనికి గుర్తు. అవమానాలూ గుర్తే, అందుకే ఆ 40 నిమిషాలు. మళ్లీ ఆ స్టేజికి వెళ్లలేదు.

ఒక చిన్న విషయం మర్చిపోయాను. అతను పాటలు పెద్దగా రాయలేదు. ఎవరి పాటైనా తీసుకుని మధ్యలో తన పేరు ఇరికిస్తాడు, 'నేను' అనాల్సినచోట 'జెర్రీ లీ' అంటాడు. మన వాగ్గేయకారుల ముద్రలాగా అన్నమాట, కాకపోతే కీర్తన రాసింది వేరేవాడు! కానీ ఒకసారి అతను పాడాక ఆ పాటను అసలు మనిషి గొంతులో వినబుద్ధి కాదు.

రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప సంగీతకారుల గౌరవ మందిరం) 1986లో తన మొట్టమొదటి జాబితాలోనే అతన్ని చేర్చుకుంది. కంట్రీ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్లకు ఇంకో 36 ఏళ్లు పట్టింది. 2022 అక్టోబర్ 16న సత్కారం జరిగితే అతను జబ్బుతో రాలేకపోయాడు, అతని తరఫున క్రిస్ క్రిస్టాఫర్సన్ అందుకున్నాడు. సరిగ్గా 12 రోజులకు, 28న, పోయాడు. 87 ఏళ్లు.

ఇక మీ కీబోర్డు. ముందుగా 'కంట్రీ' అని రాసున్న ఆటో రిథమ్ బటన్ జోలికి పోకండి, అది నొక్కితే మీరు నేర్చుకోవాల్సిన పని అదే చేసేస్తుంది. ఎడమచేత్తో ఒకటో దెబ్బకు స, మూడో దెబ్బకు దాని కింద ఉన్న ప. కుడిచేత్తో రెండు, నాలుగు దెబ్బలకు కార్డు, తేలిగ్గా తాకి వదిలేయాలి. ఇది కుదిరాక స్లిప్ నోట్. చిటికెనవేలితో పై ప పట్టుకుని ఉంచి, కింద రి తాకి ఆ క్షణమే గ మీదికి జారండి, అంటే డి నుంచి ఇ. పియానో స్వరం సాగదు కాబట్టి స్టీల్ గిటారు జారును ఇలా కళ్లుగప్పి వినిపిస్తారు. 1960లో ఫ్లాయిడ్ క్రేమర్ 'లాస్ట్ డేట్' అనే వాద్య గీతంతో ఇది ఊరూరా పాకింది. పల్లవి అంతా దాన్నే కొడితే మాత్రం ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది. నాలుగు వాక్యాలకు ఒకసారి చాలు.

వినడానికి వరస: 1956 'క్రేజీ ఆర్మ్స్', తర్వాత 'యూ విన్ అగైన్', ఆ తర్వాత 1968 'అనదర్ ప్లేస్, అనదర్ టైమ్'. మూడూ ఒకే విడతలో కూర్చుని వినండి, మధ్యలో 'గ్రేట్ బాల్స్' పెట్టకండి. సాధనకు మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 72 దెబ్బల దగ్గర పెట్టి మొదటి వారం ఎడమచెయ్యి ఒక్కటే వాయించండి. రెండు, నాలుగు దెబ్బలకు నోటితో 'చక్' అనుకోండి, కుడిచెయ్యి ఒళ్లో ఉండనివ్వండి.